కళ్లం మీద గుడి

"సొలొమోను కట్టిన గుడి ఎక్కడ లేచిందో తెలుసట్రా? ఇట్టాంటి కళ్లంలోనే" అన్నాడు తాతయ్య.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలుకట్టకు కాస్త ఎడంగా మా ఊరు. సంక్రాంతి ముందు కుప్పనూర్పిళ్ల రోజులు. నూర్చిన ధాన్యం రాశిగా పోసి, దాని మీద బూడిద ముద్రలు వేసి, రాత్రికి కాపలా పడుకున్నాం. పొలం మాది కాదు, ధాన్యం మాది కాదు. కాపలా మాత్రం మాది. మంచుకు గడ్డి మెత్తబడి వాసనేస్తోంది. దూరంగా రేపల్లె బండి కూసింది. వెల్లకిలా పడుకుని చూస్తే చుక్కలన్నీ ఆ రాశి మీదికే దిగుతున్నట్టున్నాయి.

తాతయ్య మాట విని లేచి కూర్చున్నాను. పేడతో అలికిన నేల. దాని మీద ఎడ్ల గిట్టల గుర్తులు. ఓ మూల తాలు కుప్ప. ఇక్కడా? ఆదివారం బైబిలు పాఠంలో విన్న ఆ బంగారం, ఆ దేవదారు పలకలు, ఆ కెరూబులు, అన్నీ ఇలాంటి నేల మీదా? ఆ రాత్రి నుంచి ఇవాళ్టిదాకా ఆ గుడిని నేను మరో చోట ఊహించుకోలేకపోయాను.

కథ రెండవ సమూయేలు గ్రంథం చివరి అధ్యాయంలో ఉంది. దావీదు రాజు తన జనాన్ని లెక్క పెట్టించాడు. ఆ తప్పుకు తెగులు వచ్చిపడింది. దేశం ఆ కొస నుంచి ఈ కొస దాకా 70,000 మంది పోయారు. దేవదూత యెరూషలేము మీదికి చెయ్యి చాచినప్పుడు దేవుడు చాలు అన్నాడు. ఆ మాట పడేవేళకు దూత నిలబడి ఉన్న చోటు, అరౌనా అనే యెబూసీయుడి కళ్లం. అరౌనా ఇశ్రాయేలీయుడు కాడు. ఆ కొండ మీద ముందునుంచీ కాపురమున్న వేరే జాతివాడు. రాజు తన దగ్గరికి నడిచి రావడం చూసి సాష్టాంగపడ్డాడు. కళ్లం తీసుకోమన్నాడు, బలికి ఎడ్లను తీసుకోమన్నాడు, కట్టెలకు నూర్పిడి సామానూ ఎడ్ల కాడీ తీసుకోమన్నాడు. దావీదు ఒప్పుకోలేదు. ఊరికే వచ్చినదాన్ని దేవుడికి పెట్టనని, 50 తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు. తర్వాత ఆయన కొడుకు సొలొమోను గుడికి పునాది వేసింది ఆ కళ్లంలోనేనని దినవృత్తాంతాల గ్రంథం చెబుతుంది. మోరీయా కొండ అని దానికి పేరు.

కొండ మీద కళ్లమేమిటని చిన్నప్పుడు అడిగాను. గాలికి, అన్నాడు తాతయ్య. తూర్పారబట్టాలంటే గాలి కావాలి. అక్కడ కొండ ఎక్కితే గాలి, మనకు బాపట్ల సముద్రం మీద నుంచి గాలి. చేట ఎత్తి పట్టుకుని నిలబడితే గింజ కాళ్ల దగ్గర రాలుతుంది, తాలు ఎగిరిపోతుంది. ఇప్పుడు కోత యంత్రాలు వచ్చి కళ్లాలు తారురోడ్ల మీదికి చేరాయి గానీ, ఆ రోజుల్లో ఊరి బతుకంతా ఆ అలికిన గుండ్రంలోనే తేలేది. అప్పు తీరేదక్కడే. కూలి గింజలు కొలిచేదక్కడే. ఏడాదంతా ఊరికి పనిచేసిన కుమ్మరికీ చాకలికీ మాదిగకీ మేర కొలిచేదక్కడే. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఎన్ని అంగళ్లున్నా, ఎన్ని కోటలున్నా, దేవుడు తన ఇంటికి ఇలాంటి చోటునే ఎంచుకున్నాడంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఆ కళ్లం కొన్న దావీదు ఎవరికి మునిమనవడు? రూతుకు. రూతు ఎవరు? మోయాబు నుంచి అత్త వెంట వచ్చిన విధవరాలు, బేత్లెహేము చేలల్లో కోతగాళ్ల వెనక పరిగె ఏరుకుని బతికిన పరాయి పిల్ల. పరిగె! తెలుగు బైబిలులో ఆ మాటే ఉంది. కోతలైన చేలో రాలిన కంకుల్ని వంగి వంగి ఏరి ఒడిలో వేసుకున్నవాళ్లకు మాత్రమే తెలిసిన మాట. మా నాయనమ్మకు చదువు రాదు గానీ రూతు గ్రంథం చదువుతుంటే ఎక్కడ ఏ మాట వస్తుందో ముందే చెప్పేది. ఆ రూతును పెళ్లాడిన ఆసామి పేరు బోయజు. అతను రాత్రి కళ్లంలో ధాన్యపు కుప్ప పక్కన పడుకుని ఉండగా వాళ్ల కథ మలుపు తిరిగింది. తర్వాత సొలొమోను గుడి ముఖమంటపం ముందు 18 మూరల ఎత్తున రెండు ఇత్తడి స్తంభాలు నిలబెట్టారు. ఒకదాని పేరు యాకీను, రెండోదాని పేరు బోయజు. ఆ పేరు ఎందుకు పెట్టారో గ్రంథం చెప్పదు. కళ్లంలో నడుం వాల్చిన ఆ పెద్దాయనే గుడి వాకిట కాపలాగా నిలబడ్డాడనుకోవడం నాకు ఇష్టం.

గుడికి ముందు గుడారం. ఐగుప్తు నుంచి బయటపడ్డ జనం ఎడారిలో నడుస్తూ, మజిలీ మజిలీకీ విప్పి కట్టుకున్న డేరా. మన బైబిలులో దానికి ప్రత్యక్షపు గుడారం అని పేరు. దాని లోలోపల మందసం ఉండేది, దేవుడి ఆజ్ఞలు చెక్కిన రాతిపలకలు దాచిన పెట్టె. రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. లోపలా బయటా బంగారం తాపడం. బంగారం కింద ఉన్న కర్ర ఏది? తుమ్మకర్ర. మా కాలవగట్టు మీద, డొంక పక్కన, ఎవరూ నాటకుండా ఎవరూ నీళ్లు పోయకుండా ముళ్లతో పెరిగే చెట్టు. నాగలికీ, బండి చక్రానికీ, పొయ్యిలోకీ వచ్చే చెట్టు. టేకూ కాదు, చందనమూ కాదు. ఎడారిలో దొరికేది అదే గనక అదే వాడారని ఎవరైనా చెప్పొచ్చు, నిజమే. దగ్గర దొరికే దానితోనే తన పెట్టె చేయించుకున్న దేవుడు గదా మరి!

రేపల్లె రైలు భట్టిప్రోలులో ఆగినప్పుడల్లా నాకు ఆ పెట్టె మనసులో మెదులుతుంది. అక్కడి స్తూపాన్ని 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు రాతి భరిణెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు బయటపడ్డాయి. రెండువేల ఏళ్లకు పైగా బుద్ధుడి ధాతువును గుండెల్లో దాచుకున్న నేల అది. మందసం మాత్రం బబులోను దండయాత్ర తర్వాత మళ్లీ ఎవరి కంటా పడలేదు.

ఇక గుడారపు పైకప్పు. ఇక్కడ కాస్త ఆగాలి. నిర్గమకాండంలో ఆ పైకప్పును నాలుగు పొరలుగా వర్ణించారు. లోపలిది సన్నపు నారబట్ట. నీల ధూమ్ర రక్తవర్ణాల నూలుతో కెరూబుల్ని నేసింది. దాని మీద మేకవెంట్రుకల కంబళ్లు. దాని మీద ఎర్రరంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు. అన్నిటికీ పైన సముద్రవత్సల తోళ్లు. అంటే అతిపరిశుద్ధ స్థలానికి ఎండా వానా తగలకుండా కాచింది తోలు! ఎవరో ఆ తోలు ఒలిచారు, ఎవరో సున్నంలోనో కారంలోనో ఊరబెట్టారు, ఎవరో రంగు అద్దారు, ఎవరో ఆరెతో పొడిచి కుట్టారు. ఆ చేతులు వాసన వేసి ఉంటాయి. ఏ పని చేసినందుకు మన ఊళ్లల్లో కొందరిని వందల ఏళ్లు వెలివాడలో పెట్టారో, ఆ పని దేవుడి నెత్తిమీద కప్పుగా నిలిచింది.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. 1866లో ఒంగోలు మిషన్ తొలి రోజుల్లో బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, మాదిగవాడు. తోళ్లు కొంటూ అమ్ముతూ ఊళ్లు తిరిగిన దారులనే పట్టుకుని సువార్త చెప్పుకుంటూ పోయాడు. ఆయన వెనక వేలమంది వచ్చారు. ఆ అల ఒంగోలు నుంచి బాపట్ల దాకా పాకింది. ఆయన నిర్గమకాండంలో ఆ పైకప్పు దగ్గరికి వచ్చినప్పుడు ఏమనుకున్నాడో! తోలు మడత వేళ్లతో తడిమి చూసి నాణ్యం చెప్పగలిగినవాడు. ఆ అధ్యాయం ఆయన చదివినట్టు ఏ పాదిరీ చదవగలిగి ఉండడు.

ఇన్ని మూరలంటున్నానే, ఆ మూర ఏదో చెప్పాలి. హీబ్రూవాళ్ల కొలత మోచెయ్యి నుంచి నడివేలి కొస దాకా. తెనాలి బజారులో సాయంత్రం పూట మల్లెదండ మోచేతికి ఆనించి, వేళ్ల దాకా లాగి, పుటుక్కున తుంచే అమ్మాయి కొలత కూడా అదే. సొలొమోను గుడి పొడవు 60 మూరలు, వెడల్పు 20, ఎత్తు 30. నేటి లెక్కలో సుమారు 27 మీటర్ల పొడవు. అంతేనా అనిపిస్తుంది. గుంటూరు జిల్లాలో అంతకన్నా పెద్ద చర్చీలున్నాయి. కానీ దాన్ని జనం లోపల కూర్చునేందుకు కట్టలేదు. జనమంతా బయట ఆవరణలో, బలిపీఠం పొగ కింద, పాటల మధ్య నిలబడేవారు. లోపల దేవుడిల్లు.

లోపలి అమరికను వేరే చెప్పక్కర్లేదు, బాపట్లలో భావనారాయణస్వామి గుడి చూసినవారికి వెంటనే కళ్లకు కడుతుంది. ముందు ముఖమంటపం, తర్వాత పరిశుద్ధ స్థలం, చిట్టచివర గర్భాలయం. ఈ మాటలు నేను పోలిక కోసం పెట్టినవి కావు. మొదటి రాజుల గ్రంథం తెలుగులోకి తెచ్చినవారు ఆ చివరి గదికి గర్భాలయం అన్న మాటే వాడారు. 1812లో తొలి తెలుగు సువార్తలు అచ్చయ్యేనాటికే ఆ పనిలో ఆనందరాయర్ వంటి తెలుగు పండితుడి చెయ్యి ఉంది. ఆ వరసలో వచ్చినవారు గుడి అంటే తెలిసిన జనానికి గుడి మాటలతోనే చెప్పారు. ధూపానికి సాంబ్రాణి అన్నారు. బాలింతరాలి గదిలో, చంటిబిడ్డ తలారబెట్టే బుట్ట కింద రగిలే సాంబ్రాణి! ఆ ఒక్క మాటతో యెరూషలేము గుడి మా ఇంటి వాసన వేసింది.

ఆ గుడి కట్టిన తీరులో నన్ను అన్నిటికన్నా నిలేసే సంగతి నిశ్శబ్దం. రాళ్లను గని దగ్గరే చెక్కి, సరిచేసి తెచ్చారట. కడుతున్న చోట సుత్తి చప్పుడు లేదు, గొడ్డలి చప్పుడు లేదు, ఏ ఇనుప పనిముట్టు చప్పుడూ లేదు. ఏడేళ్లు! మన ఊళ్లో ఒక గోడ లేస్తే ఎంత రొద! తూరు రాజు హీరాము పంపిన దేవదారు దూలాలు సముద్రం మీద తెప్పలుగా తేలి వచ్చాయి. రాళ్లు మోసినవాళ్లు 70,000, కొండల్లో రాయి కొట్టినవాళ్లు 80,000 అని గ్రంథం లెక్క చెబుతుంది. తెగులుకు పోయినవాళ్లూ 70,000 అన్నది గుర్తొచ్చి ఒళ్లు జలదరిస్తుంది. అంతమంది భుజాలు అరిగిన పని, చివరి రాయి దగ్గరికొచ్చేసరికి మాట లేకుండా జరిగింది. వరి ఈనే రాత్రుల్లో చేను ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది ఆ కొండ.

గర్భాలయం 20 మూరల చదరం, ఎత్తు కూడా 20 మూరలు. కిటికీ లేదు, దీపం లేదు. ఏడాదికి ఒక్క రోజు, ప్రాయశ్చిత్త దినాన, ప్రధానయాజకుడు ఒక్కడే ధూపపు పొగతో లోపలికి వెళ్లేవాడు. క్రీ.పూ. 586లో బబులోనువాళ్లు ఆ గుడిని కాల్చేశారు. చెరనుంచి తిరిగొచ్చినవాళ్లు క్రీ.పూ. 515 ప్రాంతంలో రెండో గుడి కట్టుకున్నారు. అందులోని గర్భాలయంలో మందసం లేదు. ఏమీ లేదు. క్రీ.పూ. 63లో రోము సేనాని పాంపే ఆ గదిలోకి చొరబడితే విగ్రహం కనపడలేదు, ఖాళీ కనపడింది. రోమువాళ్లకు అది వింత. మనకు కాదు. చిదంబరం గుడిలో తెర తొలగిస్తే కనపడేదీ ఖాళీయేనని తెలిసిన దక్షిణాది జనానికి, ఆ ఖాళీ ముందు ఎందుకు మోకరిల్లుతారో ఎవరూ వివరించనక్కర్లేదు.

హేరోదు రాజు ఆ రెండో గుడిని పెంచి, పాలరాయీ బంగారమూ తొడిగాడు. బయటి ఆవరణలోకి ఏ జాతివారైనా రావచ్చు. దాటి లోపలికి పోకుండా మూడు మూరల ఎత్తున రాతి అడ్డు ఉండేదని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అన్యజాతివాడు ఇది దాటితే తన చావుకు తానే బాధ్యుడని గ్రీకు అక్షరాల్లో రాతిపలకలు. ఒక పలక 1871లో క్లెర్మాన్ గానో అనే ఫ్రెంచి పండితుడికి దొరికింది, ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. ఎఫెసువాడైన త్రోఫిమును ఆ అడ్డు దాటించాడన్న అనుమానంతోనే అపొస్తలుడు పౌలును జనం ఈడ్చి కొట్టారు. ఆ ఎఫెసువాళ్లకు రాసిన పత్రికలోనే మధ్యగోడ కూలిందన్న మాట ఉంది.

మధ్యగోడ అంటే మా ఇంట్లో ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు. నాయనమ్మ చిన్నతనంలో గుడి అంటే దూరం నుంచి చూసే గోపురం. ఉత్సవాల రోజు కూడా వీధి చివర ఆగిపోవాలి. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం తెచ్చేదాకా కాగితం మీద కూడా ఆ గుమ్మం వాళ్లది కాదు. కానీ ఆమె చనిపోయేదాకా చర్చి అన్న మాట వాడలేదు. ఆదివారం తెల్లచీర కట్టుకుని "గుడికి పోతన్నా" అనేది. గుడిగంట, గుడి వాకిలి, గుడి అరుగు. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన మిషనరీ హయ్యరు దొర వెనక తెనాలి, రేపల్లె సీమలో లేచిన లూథరన్ గుళ్లు, బాపట్ల వైపు బాప్టిస్టు గుళ్లు. మొదట తాటాకు పాకలు, తర్వాత పెంకులు, తర్వాత సున్నపు గోడలు. వీధి చివర ఆగిపోయిన జనం తమకంటూ ఒక గుడి అన్న మాటను సంపాదించుకున్నారు. ఏసు సిలువ మీద ప్రాణం విడిచినప్పుడు యెరూషలేము గుడి తెర పైనుంచి కిందికి చినిగిందని సువార్త. పైనుంచి! చింపిన చెయ్యి కిందివాళ్లది కాదని నాయనమ్మ ఎంత నమ్మకంగా చెప్పేదో!

ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఇంట్లో ఆ పూట ఎంత కొరతున్నా వేసేది. నెలాఖరుకు ఆ బియ్యం గుడికి. యెరూషలేము గుడి కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన బీద విధవరాలిని ఏసు చూశాడు, శిష్యులకు చూపించాడు. గుడి రాళ్లు చూడండయ్యా అని శిష్యులు మురిసిపోయింది ఆ కాస్త తర్వాతే. రాయి మీద రాయి నిలవదన్నాడాయన. క్రీ.శ. 70లో రోము సేనాని టైటస్ సైన్యం ఆ గుడిని తగలబెట్టింది. మిగిలింది కొండకు ఆనుకుని కట్టిన గోడలు. పడమటి గోడ ముందు ఇవాళ్టికీ జనం నుదురు ఆనించి నిలబడతారు. రెండు కాసులు ఎక్కడికి పోయాయో తెలియదు గానీ, ఆ విధవరాలు మాత్రం మా నాయనమ్మ చేతి కుండలోకి వచ్చింది.

గుడి కూలడం అంటే ఏమిటో మా సీమకు మరోలా కూడా తెలుసు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమను ముంచిన ఉప్పెన గాలి బాపట్లనూ కొట్టింది. ఇళ్లు నిలవవని భయపడి చర్చిలో తలదాచుకున్నవారి మీద ఆ చర్చే కూలింది. సుమారు నూరుమంది. దేవుడింటికి పరిగెత్తినవాళ్లు. దీనికి జవాబు నా దగ్గర లేదు, అయ్యగార్లు చెప్పిన జవాబులేవీ నాకు ఆనలేదు. కానీ యూదులు గుడి కూలిన తిథిని, ఆబు నెల తొమ్మిదో రోజుని, ఉపవాసముండి నేల మీద కూర్చుని విలాపవాక్యాలు చదివి గడుపుతారని తెలిసినప్పుడు, ఏడవడానికి కూడా ఒక ఆరాధన ఉందని ఊరట కలిగింది. ఇల్లు కట్టుకున్నప్పుడు గుమ్మానికి ఎదురుగా మూర పొడవు, మూర వెడల్పు సున్నం వేయకుండా వదలాలని వాళ్ల పెద్దలు చెప్పారు. పోయిన గుడి గుర్తు. మళ్లీ అదే మూర.

ఆ గుడిని తలుచుకుని ప్రార్థించేవాళ్లను చూడటానికి యెరూషలేము దాకా పోనక్కర్లేదు. గుంటూరు నుంచి బాపట్ల పోయే దారిలో చేబ్రోలు ఉంది. కోనేటి నడుమ చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. దాన్ని ఆనుకుని కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని పదుల కుటుంబాలు తమను బెనే ఎఫ్రాయిము అని, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. మాదిగ కుటుంబాలు, ఒకప్పుడు క్రైస్తవంలో నడిచినవారు. అష్షూరు రాజులు క్రీ.పూ. 8వ శతాబ్దంలో చెదరగొట్టిన ఉత్తర గోత్రాల్లో తమదొకటని వాళ్ల నమ్మకం. 1991లో సమాజమందిరం తెరుచుకున్నారు. శుక్రవారం పొద్దు గుంకితే విశ్రాంతిదినం మొదలు. హీబ్రూ అక్షరాలు దిద్దుకుంటారు, పస్కా ఆచరిస్తారు. వాళ్ల మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి పుస్తకమే రాశారు, 2013లో వచ్చింది. వంశం నిజమా కాదా అన్నది పండితుల చర్చ. నాకు దాని మీద ఆసక్తి లేదు. తోలు పైకప్పు కింద దేవుడు కాపురమున్నాడని చదివినవాళ్లు, ఆ ఇల్లు మాదేనని అనుకోవడంలో వింతేముంది? పత్తిచేలూ పసుపుచేలూ వరిచేలూ దాటి, అరేబియా సముద్రం దాటి, ఇప్పుడు లేని ఒక గుడి వైపు తెలుగువాళ్లు ముఖం తిప్పి నిలబడతారు. ఆ నిలబడటం ఎంత అందమైనది!

మా క్రైస్తవ నమ్మకంలో గుడి ఇంకో చోటికి నడిచింది. ఈ ఆలయాన్ని కూల్చండి, మూడు రోజుల్లో లేపుతానని ఏసు అంటే, 46 ఏళ్లు కట్టినదాన్నా అని నవ్వారు. ఆయన అన్నది తన ఒంటి సంగతి. పౌలు ఇంకో అడుగు వేసి, మీ దేహమే ఆలయమన్నాడు. ఊడ్పుల్లో మోకాలిలోతు బురదలో నడుం వంచి వంచి గూనిపడ్డ నాయనమ్మ ఒళ్లు. ఒరిసిన పాదాలు, గడ్డిమోపు మోసి బోడి అయిన మాడు. ఆమె స్నానం చేసి వాకిట్లో తల ఆరబెట్టుకుంటుంటే, గర్భాలయం ఎండలో కూర్చున్నట్టుండేది. చిన్నప్పుడు ఆ మాట నాకు చెప్పడం రాలేదు. ఇప్పుడు వచ్చినా ఆమె లేదు.

ప్రకటన గ్రంథం చివర దిగివచ్చే పట్టణంలో గుడి ఉండదు. పొడవు, వెడల్పు, ఎత్తు సమానమైన పట్టణం. అదే ఆకారం, గర్భాలయపు ఆకారం. ఊరంతా గర్భాలయమైతే వేరే గుడి దేనికి?

కానీ అది రావాల్సింది. ఇప్పటికి మాకు కోతపండగ ఉంది. మాసూళ్లయ్యాక ఒక ఆదివారం గుడికి అందరూ పంట తెస్తారు. వరి పనలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, ఒక్కోసారి మేకపోతు. ధాన్యమంటే ఎక్కువగా బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో ఇచ్చిన బి.పి.టి. 5204, సాంబ మసూరి. దేశమంతా తినే అన్నానికి పేరులో బాపట్ల ఉంది. బల్ల ముందు పనలు నిలబెడితే అయ్యగారు వాటి వెనక సగం కనపడడు. ఆరాధన అయ్యాక వేలంపాట. బజారులో పాతికకు దొరికే గుమ్మడికాయను పంతం పట్టి అయిదొందలకు పాడతారు. ఊరికే తీసుకోననే దావీదు పట్టుదల ఆ కేకల్లో వినపడుతుంది. ఆ ఒక్క పూట గుడి కళ్లమవుతుంది. గచ్చంతా గింజలు, గడ్డిపోచలు, కోడి ఈకలు.

పోయిన ఏడాది కోతపండక్కి వెళ్లాను. వసారాలో దూలానికి ఎవరో వరికుచ్చు వేలాడదీశారు, ముదురు బంగారు రంగులో, జడలా అల్లి. దేవుడి బలిపీఠం దగ్గర గూడు కట్టుకున్న పిచ్చుకను చూసి కోరహు కుమారులు అసూయపడిన కీర్తన అయ్యగారు ఆ రోజు చదువుతున్నారు. తాతయ్య కూర్చునే మూల కిటికీ దగ్గర కూర్చున్నాను. బయట రెండు పిచ్చుకలు కుచ్చుకు తలకిందులుగా వేలాడుతూ గింజలు లాగుతున్నాయి. ఒకటి వడ్లగింజ నోట కరుచుకుని కిటికీలోంచి లోపలికి వచ్చింది, తలల మీదుగా పోయి, సిలువ వెనక సందులోకి దూరింది. పొట్టు తిరుగుతూ తిరుగుతూ బల్ల మీది తెల్లగుడ్డ మీద రాలింది. దాన్ని ఎవరూ దులపలేదు.